ఆరు అంగుళాలు తెగిన టేపు

ఏడేళ్లుగా ఒక మాట గొంతులో పెట్టుకుని తిరుగుతున్నాను. ఇంట్లో చెప్పలేదు. మీకు చెబుతున్నాను. మీరు నన్ను ఎరగరు కాబట్టి.

పటాన్‌చెరులో, కంపెనీ బస్సులు ఆగే చోట నాకు వడ్రంగి దుకాణం ఉంది. పక్క గదిలో యాదమ్మ మెస్ పెట్టింది. దాని మీదే ఆమె ఇల్లు నడవాలి. షిఫ్టు దిగి వచ్చేవాళ్లకు బస్సులోంచే కనబడేలా పెద్ద బోర్డు కట్టించింది. నా బోర్డు దాని వెనక్కి పోయింది. జరపమని అడిగాను. తినేవాళ్ల ముందే నవ్వింది.

"నీ బోర్డుల అక్షరాలే పోయినయ్ గదన్నా, ఎవరు సూస్తరు?"

అందరూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ చెప్పగలను.

మున్సిపాలిటీకి ఫిర్యాదు ఇచ్చాను. ఒకటి కాదు, మూడు. చివరికి ఒక ఉద్యోగి వచ్చాడు. ఆమె అనుమతి కాగితంలో ఉన్నది పది అడుగుల వెడల్పు, మూడు అడుగుల ఎత్తు. అతను టేపు మరిచిపోయి వచ్చాడు. నాది అడిగాడు.

నా టేపు కొస విరిగితే మొదటి ఆరు అంగుళాలు కత్తిరించేశాను. అది ఆరు అంకె దగ్గరే మొదలవుతుంది. ఏది కొలిచినా వచ్చిన లెక్కలోంచి అర అడుగు తీసేయడం నాకు అలవాటు. ఆ సంగతి అతనికి చెప్పాలి. చెప్పలేదు. నిచ్చెన ఎక్కి, తెగిన కొసను బొటనవేలితో మూసి, బోర్డు అంచుకు నేనే పట్టుకున్నాను. అవతలి కొసన అతను చదివాడు. పదిన్నర. తర్వాత ఎత్తు, మూడున్నర. రాసుకున్నాడు.

చెప్పడం మరిచిపోయానా? చాలాకాలం నన్ను నేను అలాగే నమ్మించుకున్నాను. మరిచిపోయినవాడు బొటనవేలు ఎందుకు అడ్డం పెడతాడు?

బోర్డు దించమని నోటీసు వచ్చిన రోజు ఆమె నా దగ్గరికే వచ్చింది.

"అన్నా, నువ్వే పట్టుకుంటివి గద. నిజంగనే ఎక్కువున్నదా?"

"ఉన్నది."

"బోర్డు చేసినోడు పదడుగులే అంటుండు. మల్లోపారి కొలవమని అడగనా?"

"ఎందుకమ్మా పరేషాన్. వాళ్లతోని పెట్టుకుంటే మెస్సే బంద్ చేయిస్తరు. దించెయ్."

నా మాట విని దించేసింది. మళ్లీ కట్టించే స్తోమత లేక గోడ మీద రాయించింది. బస్సులోంచి అది కనబడదు. కొన్ని నెలలకే మెస్ మూతపడింది.

ఇప్పుడామె బొల్లారంలో ఒక మందుల కంపెనీలో డ్రమ్ములు కడుగుతోంది. పొద్దున బస్సు ఎక్కే ముందు నన్ను పలకరిస్తుంది. ఆమె అన్న మాటను నేనింకా క్షమించలేదు, అదీ దాచను. కానీ ఒక్క మాటకు ఒకరి బతుకుతెరువు తీసేసినవాణ్ని, నాకే అన్యాయం జరిగిందని ఇన్నేళ్లుగా కనబడిన వాళ్లందరికీ చెప్పుకుంటూ తిరిగానే, ఆ నోరు ఆమె ముందు ఎందుకు పెగలదు? రేపైనా చెబుతానా? మాట ఇవ్వలేను.

ఆమె బోర్డు పది అడుగులే ఉంది. ఎత్తు మూడే. ఆ రోజే నాకు తెలుసు.