పాటల గది తలుపు

చర్చి తాళాలన్నీ ఆవిడ నడుముకే వేలాడుతుంటాయి కాబట్టి అందరూ ఆవిడను తాళాలక్క అంటారు. ఆవిడ కంటే పదేళ్లు పెద్దవాళ్లూ అక్కే అంటారు, బడి పిల్లలూ అక్కే అంటారు. ఆవిడ ఎవరికైనా పలుకుతుంది.

భర్త వడ్రంగి. పోయి ఎనిమిది నెలలైంది. ఆయన చేసిన ఆఖరి పని చర్చి వెనకున్న పాటల గదికి తలుపు. రెండంగుళాల మందం చెక్క, చుట్టూ రబ్బరు పట్టీ. బిగించిన రోజున సగంమంది లోపల, సగంమంది బయట నిలబడి ఒకరినొకరు కేకలేసుకుని, ఏమీ వినపడలేదని తెగ మెచ్చుకున్నారు. ఆయన రెండు రోజులు ఆ మాటే చెప్పుకుని మురిసిపోయాడు.

ఆయన పోయాక తాళాలక్క ఆయన చొక్కాలు ఎవరికో ఇచ్చేసింది, చెప్పులు తీసేసింది. ఆ తలుపును మాత్రం రోజూ పొడిగుడ్డతో తుడుస్తుంది, దుమ్మున్నా లేకపోయినా.

ఆమధ్య పై ఆఫీసు నుంచి ఒక కాయితం వచ్చింది. పెద్దవాళ్లెవరూ మూసిన గదిలో ఒక్క పిల్లతో ఉండకూడదు. ఒంటరి ముసలివాళ్ల ఇళ్లకు ప్రార్థనకు వెళ్తే ఇద్దరు కలిసి వెళ్లాలి. ప్రతి గది తలుపుకీ లోపలివాళ్లు బయటికి కనబడేలా అద్దం ఉండాలి. పిల్లలెవరైనా ఏదైనా చెబితే, గుచ్చి గుచ్చి అడక్కుండా చెప్పింది చెప్పినట్టు రాసి, కిందున్న నంబరుకు ఫోన్ చేయాలి. ఇదంతా సరిగ్గా జరుగుతోందని వారం వారం ఒకరు సంతకం పెట్టాలి.

ఆ ఒకరెవరన్నది కమిటీ గంటన్నర మాట్లాడింది.

"తాళాలు అక్క దగ్గరే ఉన్నాయిగా," అన్నాడు కమిటీ పెద్ద.

"ఆవిడ చదివింది ఐదో తరగతి," అన్నారెవరో.

"సంతకం వచ్చుగా."

అన్ని తలుపులకీ మరిది అద్దాలు బిగించాడు. అతనిదీ అన్న పనే. పాటల గది దగ్గరకొచ్చి ఆగిపోయాడు.

"ఇది అన్న చేసింది వదినా."

"తెలుసు."

ముప్ఫై ఏళ్లుగా పిల్లలకు పాటలు నేర్పుతున్న మాస్టారు అటుగా వచ్చి, అద్దం పెడితే గోలంతా బయటికొస్తుందని నవ్వాడు. కమిటీ పెద్దా నవ్వాడు. తాళాలక్క నవ్వలేదు గానీ, పాటల గదికి మినహాయింపు అని రాయించి కింద సంతకం పెట్టింది. మాస్టారి మీద నమ్మకంతో కాదు, తలుపు మీద ఇష్టంతో. ఆ సంగతి ఆవిడ చెప్పలేదు, ఎవరూ అడగనూ లేదు.

అలా పదకొండు వారాలు సంతకాలు పెట్టింది.

పన్నెండో వారం, దర్జీ ఆవిడ కూతురు పాటల గది మెట్టు మీద కూర్చుని ఉంది. తొమ్మిదేళ్ల పిల్ల. అది ఆమేన్ అంటే వెనక బెంచీలో కునికేవాళ్లు లేచి కూర్చోవాల్సిందే. ఒంటరిగా పాడే పాట దానిదేనని మాస్టారు దాన్నొక్కదాన్నే అందరికంటే గంట ముందు రమ్మంటున్నాడు.

"ఏమే, ఇంకా లోపలికెళ్లలేదా?"

"వెళ్లను."

"గొంతు నొప్పా?"

"కాదు." పిల్ల చెప్పు పట్టీ బిగించింది, విప్పింది, మళ్లీ బిగించింది. "ఆ తలుపేస్తే వద్దు అని అరిచినా ఎవరికీ వినపడదు తాళాలక్కా."

ఆవిడకి నాలుగైదు ప్రశ్నలు నోటిదాకా వచ్చాయి. కాయితం గుర్తొచ్చి మింగేసింది.

"చెప్పి మంచి పని చేశావు. తప్పు నీది కాదు," అంది.

మాస్టారు వచ్చేసరికి గదికి తాళం పడి ఉంది.

"తాళం ఏమిటక్కా?"

"వేశాను."

"ఎందుకూ?"

"తాళాలు నా దగ్గరే ఉన్నాయిగా," అని, పిల్ల చెయ్యి పట్టుకుని నడిచింది.

దర్జీ ఆవిడకి విన్నది విన్నట్టు చెప్పి, అక్కడే బల్ల మీద కాయితం పెట్టుకుని రాసింది. ఒక్క వాక్యం రాయడానికి పావుగంట పట్టింది. అంతసేపూ దర్జీ ఆవిడ మిషను తొక్కుతూనే ఉంది. సూది కింద గుడ్డ లేదు.

ఈలోగా మాస్టారు చెప్పాడేమో, కమిటీ పెద్ద పరుగున వచ్చాడు.

"అక్కా, ముందు మనలో మనం మాట్లాడుకుందాం."

"కాయితంలో అలా లేదన్నా."

"చర్చి పరువేం కావాలి?"

"అది ఏ పేజీలో ఉంది?"

ఆయన నిజంగానే కాయితం తిప్పి చూశాడు. ఆయన చూస్తుండగా తాళాలక్క ఫోన్ చేసింది.

పిల్లల రక్షణ ఆఫీసు నుంచి ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు. అందరితో మాట్లాడాక తాళాలక్కను కూర్చోబెట్టారు.

"ఈ పదకొండు సంతకాలు ఎవరివి?"

"నావే."

"మినహాయింపు ఎందుకిచ్చారు?"

"తలుపు మా ఆయన చేశాడు."

వాళ్లలో ఒకావిడ తలెత్తి చూసి, ఆ మాట అలాగే రాసుకుంది.

తర్వాత మరో ఇద్దరు తల్లులు ముందుకొచ్చారు. మాస్టారు చర్చిలో అడుగు పెట్టకూడదన్నారు, కేసు నడుస్తోంది. కొందరికి తాళాలక్క ఎదురుపడితే తమ చెప్పుల మీద ఎక్కడలేని ధ్యాస పుట్టుకొస్తోంది. ఆవిడ మాత్రం మామూలుగానే బెంచీలు తుడుస్తోంది.

నెల తిరిగాక పాటల గది తలుపుకీ అద్దం పెట్టమని మరిదిని పిలిపించింది. అతను రంపం సంచిలోంచి తియ్యకుండానే నిలబడ్డాడు.

"నా చెయ్యి ఆడదు వదినా. ఇక్కడికి కొత్తది చేసిస్తా. దీన్ని ఇంటికి తీసుకుపోదాం."

ఇంటికి తీసుకుపోదాం అన్న మాట ఆవిడ చెవికి తియ్యగానే ఉంది.

"ఇంట్లో పాటలెవరు పాడతారు? కొయ్యి."

అతను తన కళ్ల ఎత్తున గీత గీశాడు. ఆవిడ చెరిపేసింది. తల్లితో వచ్చిన దర్జీ పిల్లను తలుపుకి ఆనించి నిలబెట్టి, దాని గడ్డం దగ్గర పెన్సిలు పెట్టింది.

"ఇక్కణ్ణుంచి పైదాకా."

"అంత కోస్తే తలుపేం మిగులుతుంది?"

"చట్రం మిగులుతుంది."

రంపం ఆడుతున్నంతసేపూ ఆవిడ రెండు చేతులతో తలుపు పట్టుకుంది. చెక్క అరచేతుల కింద వణికింది. మధ్యలో మరిది ముక్కు తుడుచుకోవడానికి రెండుసార్లు ఆగాడు. ఆవిడ ఆగమనలేదు.

అద్దం బిగించాక పిల్ల తల్లిని లాక్కుని లోపలికెళ్లి తలుపు వేసుకుంది. అద్దంలోంచి ఒకసారి బయటికి చూసి, ఊపిరి పీల్చుకుని, "వద్దు!" అని అరిచింది.

గేటు దగ్గర కమిటీ పెద్ద ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు.

తలుపు తెరుచుకుంది. "వినపడిందా తాళాలక్కా?"

"గేటుదాకా," అని, తాళాలక్క రంపం పొట్టు ఊడవడానికి చీపురు అందుకుంది.