వెనక్కి తిరిగే చోటు

"మబ్బులు కిందికి దిగితే ఎట్లన్నా? ఇంట్ల పాలు తాగే పిల్ల ఉంది."

తనతో మేళాకు బయల్దేరిన ఉదయశ్రీ భయానికి టైటస్ నవ్వలేదు. రెండు సీట్ల తన విమానం ఎక్కేముందు ఎప్పటిలాగే ట్యాంకులో పుల్ల ముంచి పెట్రోలు చూసుకున్నాడు. మ్యాపులో ఒక కొండకు సున్నా చుట్టి, "ఇది కనబడకపోతే వచ్చేద్దామమ్మా," అన్నాడు. కరోనా తినేసిన ఊపిరితిత్తులతో వైద్యపరీక్ష నెగ్గలేడు. నెలాఖరుకు లైసెన్సు పోతుంది. రెండేళ్ళ తర్వాత జరుగుతున్న విమానాల మేళాకు ఇదే అతని ఆఖరి అవకాశం. ఎగిరి వెళ్ళాక మబ్బుల్లో ఆ కొండ కనబడలేదు. వెంటనే విమానం వెనక్కి తిప్పాడు. "మేళా అప్పుడే అయిపోయిందా?" అని ఫ్లయింగ్ క్లబ్బువాళ్ళు మాస్కుల చాటున నవ్వారు. సాయంత్రం, మేళా ముగిసే వేళకు, ఆకాశం అద్దంలా తేటపడింది.

"ఇంకొంచెం పోయుంటే దాటేటోళ్ళమేమో అన్నా."

"తిరిగొచ్చే చోటు నేలమీదే తేల్చుకోవాలమ్మా. పైకెళ్ళాక ఆశ తేల్చుకోనివ్వదు," అన్నాడు, ఆకాశం వైపు చూడకుండా.

ఇప్పుడు పాపతో గడప దాటేముందే ఉదయశ్రీ ఎక్కడ వెనక్కి తిరగాలో తేల్చుకుంటుంది.