లిఫ్టులో రెండో బంతి

విహారయాత్రల ఓడలో లిఫ్టు నలుగురికి మించి ఎక్కకూడదు. ఎక్కకుండా చూడడానికి శ్యాంబాబుని పెట్టారు. అతను పొద్దుటి కాఫీల వేళ నుంచి మధ్యాహ్నం భోజనాల దాకా లిఫ్టులోనే నిలబడి, వచ్చేవాళ్ళను వేలు చూపించి లెక్కపెట్టి, ఐదోవాడికి దండం పెట్టి వెనక్కి పంపి, తలుపు మూసి, ఎక్కినవాళ్ళతో పాటు పైకీ కిందికీ తిరిగాడు. భోజనాలయ్యాక సూపర్‌వైజరు డేనియల్ గారు అతన్ని కెమెరా గదిలోకి పిలిచి బొమ్మలు చూపించారు. ప్రతి బొమ్మలోనూ ఐదుగురున్నారు. ప్రతి బొమ్మలోనూ ఐదోవాడు ఒకడే. తెల్ల చొక్కా, నీలం మాస్కు, చేతిలో శానిటైజరు సీసా.

"ఎవరయ్యా వీడు?" అన్నారు డేనియల్ గారు.

శ్యాంబాబు వంగి శ్రద్ధగా చూశాడు.

"నేనేనండి."

"మరి?"

"నేను డ్రైవర్నండి," అన్నాడు శ్యాంబాబు, ఇంత చిన్న సంగతి అడగాలా అన్నట్టు. "డ్రైవరు లెక్కలోకి రాడు కదండీ."

డేనియల్ గారిది బందరు. ఓడల్లో జుట్టు నెరిసిన మనిషి. ఈ శ్యాంబాబు నా మనిషి, నాదీ పూచీ అని కంపెనీలో చెప్పి తెచ్చుకున్నది ఆయనే. అందుకని నవ్వు వచ్చినా నవ్వలేదు. "నువ్వు లిఫ్టు బయట నిలబడు నాయనా," అని మాత్రం అన్నారు.

శ్యాంబాబు తప్పు కూడా ఏమీ లేదు. కరోనా రాకముందు పామర్రు సెంటర్లో అతనిది షేర్ ఆటో. పామర్రు నుంచి గుడివాడకి, గుడివాడ నుంచి పామర్రుకి. ఆ ఆటోలో ఎంతమంది పడతారని ఎవరైనా అడిగితే ఎంతమంది వస్తే అంతమంది అనేవాడు. వెనక సీటు, దానికెదురుగా చెక్క, డ్రైవరుకి అటొకరు ఇటొకరు. ఒళ్ళో పిల్లలు లెక్కలోకి రారు. తరవాతి ఊళ్ళో దిగిపోయేవాళ్ళు లెక్కలోకి రారు. డ్రైవరు సరేసరి, సగం బయటే ఉంటాడు. "సర్దుకోండమ్మా, కాస్త సర్దుకోండి, ఇంకొకరికి చోటుంది," అని అతను అన్నాడంటే చోటు లేకపోయినా పుట్టేది. ముక్కూ మొహం తెలియనివాళ్ళు భుజాలు కలుపుకుని కూర్చుని, దిగేటప్పటికి పెళ్ళి సంబంధాలు మాట్లాడుకునేవాళ్ళు.

తరవాత లాక్‌డౌన్ వచ్చింది. పక్కన ఎవరు తుమ్మినా ఆటో ఆపి దిగిపోయే రోజులొచ్చాయి. శ్యాంబాబు ఆటో అమ్మేశాడు. ఓడలు మళ్ళీ తిరగడం మొదలుపెట్టినప్పుడు, మనుషుల్ని లిఫ్టు దగ్గర అదుపుచేసేవాడు కావాలంటే డేనియల్ గారికి పామర్రు సెంటరు గుర్తొచ్చింది. అంతమందిని ఎక్కించగలిగినవాడు దించడం కూడా నేర్చుకుంటాడని ఆయన నమ్మకం. ఇంటి దగ్గర పార్వతి, భర్త ఓడ నడుపుతున్నాడని ఊరంతా చెప్పింది. "ఏం నడుపుతారు వదినా, ముందుకా వెనక్కా?" అని ఎవరో ఆరా తీస్తే, "పైకీ కిందికీ," అందట.

బయట నిలబడడం మొదలుపెట్టాక కొన్నాళ్ళు పని బాగానే సాగింది. మాస్కు పైకి లాక్కోమనడం, చేతుల్లో శానిటైజరు పొయ్యడం, నలుగురు కాగానే చెయ్యి అడ్డం పెట్టడం. వానాకాలంలో ఓడ విశాఖపట్నం వచ్చింది. అక్కడ చెన్నై ప్రయాణానికి గుడివాడ బృందం ఎక్కింది. సరిగ్గా అప్పుడే పైఆఫీసు నుంచి లిఫ్టు నేలకి అంటించే బొమ్మలు కూడా ఎక్కాయి.

ఎక్కడ నిలబడాలో తెలియడానికి పాదాల బొమ్మలవి. ఇండియావాళ్ళకు నచ్చుతాయని ఎవరు తలచారో ఏమో, ఎర్రటి గుండ్రం, అందులో బంగారు రంగు పాదాలు. నాలుగు మూలలా నాలుగు జతలు. ఒకరి ఊపిరి ఒకరికి తగలకుండా మొహం గోడవైపు తిప్పుకోవాలని, వేళ్ళన్నీ గోడలవైపు పెట్టి అంటించారు.

గుడివాడ బృందానికి పెద్ద లక్ష్మీకాంతం గారు. భర్త తాతారావు గారి షష్టిపూర్తి కరోనాలో జరగలేదు. పందిరి వెయ్యలేదు, నలుగురినీ పిలవలేదు. ఆ బాకీ తీర్చుకోవడానికి చుట్టాలందరినీ ఓడ ఎక్కించింది ఆవిడ. మాట్లాడేటప్పుడు మాస్కు కిందికి లాక్కుని, వినేటప్పుడు పైకి లాక్కునే అలవాటు. రాత్రి భోజనాలకని లిఫ్టు దగ్గరికి వచ్చి, లోపలికి చూసి ఆగిపోయింది. మాస్కు కిందికి దిగింది.

"చెప్పులు విడవండర్రా."

అందరూ విడిచారు. ఓడ అల్లాడిపోయేటన్ని చెప్పులు లిఫ్టు ముందు పోగయ్యాయి.

"అమ్మగారూ, అవి మనం నిలబడ్డానికండి," అన్నాడు శ్యాంబాబు.

"పాదాల మీదా? కళ్ళు పోతాయి! అది సరే, లక్ష్మీదేవి పాదాలు లోపలికి పెడతారు గానీ, ఇలా గోడలోంచి బయటికి వెళ్ళిపోతున్నట్టు పెడతారటయ్యా? ఈ కంపెనీ బాగుపడినట్టే."

అని పాదాలు తొక్కకుండా చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని లిఫ్టు మధ్యకి వెళ్ళింది. ఆవిడ వెనకాలే తాతారావు గారు, మేనల్లుడు శశిధర్, వదినగార్లు, మరదళ్ళు. నాలుగు మూలలూ ఖాళీ. నట్టనడుమ మనిషి మీద మనిషి. చెయ్యి అడ్డం పెట్టిన శ్యాంబాబుని చూసి లక్ష్మీకాంతం గారు కళ్ళు చిట్లించింది.

"నువ్వు పామర్రు సెంటర్లో ఆటో అబ్బాయివి కదూ? మా కారు చెడిపోయిన రోజు నీ ఆటోలోనే వచ్చాను. ఒళ్ళో ఎవరిదో కోడిపుంజు కూడా పెట్టావు. ఆ రోజు ఊరంతటినీ ఎక్కించినవాడివి, ఇవాళ నలుగురే అంటావేం?"

శ్యాంబాబు అడ్డం పెట్టిన చెయ్యి కాస్త దించాడు. ఆ సందులో, "రండి రండి, ఇంకో ఇద్దరికి చోటుంది, సర్దుకుందాం," అన్నారు తాతారావు గారు. లిఫ్టు వెళ్ళిపోయింది. అందరూ వట్టికాళ్ళతో భోజనాల హాల్లో తేలారు. చెప్పులు కిందే ఉండిపోయాయి. శ్యాంబాబు వాటిని బట్టలుతికేవాళ్ళ తోపుడుబండిలో వేసుకుని పైకి చేర్చాడు. ఏది ఎవరిదో తేలేసరికి పప్పు చల్లారిపోయింది.

డేనియల్ గారు మళ్ళీ పిలిచారు. కెమెరా బొమ్మలో తలకాయలు లెక్కపెట్టడానికి కూడా వీల్లేకుండా ఉన్నాయి.

"అవి అమ్మవారి పాదాల్లా ఉన్నాయని నాకు తెలుసయ్యా, నేనూ బందరు వాణ్ణే. ఈ కెమెరా బొమ్మలు చూసే పైఆఫీసువాడికి తెలీదుగా? ఇంకొక్కసారి ఐదో తలకాయ కనిపించిందో, చెన్నైలో నిన్ను దింపేస్తారు. నేను ఆపలేను."

"పోనీ ఆ పాదాలు పీకేద్దామాండి?"

"పీకితే ఇద్దరం కలిసి దిగుతాం."

ఆటో లేదు. ఓడ కూడా లేకపోతే పామర్రులో ఏం మొహం పెట్టుకుని దిగాలో శ్యాంబాబుకి తోచలేదు. పార్వతికి ఫోను చేసి ఏమీ చెప్పకుండా, వానలు పడుతున్నాయా అని అడిగి పెట్టేశాడు. పడుతున్నాయట. కృష్ణ మీద బ్యారేజీ గేట్లన్నీ ఎత్తారట.

తెల్లారేసరికి లిఫ్టులో పాదాలు లేవు. నాలుగు జతలూ లేవు. గదులు ఊడ్చే కుర్రవాడొకడు వచ్చి సంగతి చెప్పాడు. లక్ష్మీకాంతం గారి గది గుమ్మం దగ్గర ఉన్నాయి. వేళ్ళు లోపలివైపు. పసుపూ కుంకుమా కూడా పెట్టి ఉంది. ఫ్లాస్కులో వేణ్ణీళ్ళు పోసి గోటితో మెల్లగా ఒలిచిందట ఆవిడ.

డేనియల్ గారు వెళ్ళి చూసొచ్చి, "బొట్టు పెట్టాక ఇంకేం పీకుతాం," అన్నారు. శ్యాంబాబు లాండ్రీకి వెళ్ళి కాళ్ళు తుడుచుకునే పట్టాలు నాలుగు తెచ్చి మూలల్లో పరిచాడు. వాటి మీద నిలబడడానికి ఎవరికీ మొహమాటం ఉండదు. సగం చిక్కు తీరింది. మిగతా సగం ఆ ఐదోవాడిది. నలుగురే అనగానే వాడి మొహం మాడిపోతుంది. నేనేం చేశాను అంటాడు. ఎక్కిన నలుగురూ ఊరుకోక, రావయ్యా సర్దుకుంటాం అని చెయ్యిపట్టి లాగుతారు. లాగకపోతే మర్యాద కాదు. ఈ మర్యాదను ఎలా ఆపాలో శ్యాంబాబుకి అర్థం కాలేదు.

టిఫిన్ల వేళ తాతారావు గారు హాలు గుమ్మంలోంచి లోపలికి తొంగిచూసి అడిగిన మాట అతని చెవిన పడింది.

"మొదటి బంతి లేచిందా?"

లేవలేదని చెప్తే ఆయన కోపం తెచ్చుకోలేదు. నన్నెందుకు కూర్చోబెట్టలేదనీ అనలేదు. గోడవారన కుర్చీ లాక్కుని హాయిగా కూర్చున్నారు. శ్యాంబాబు ఆయన్నే చూస్తూ ఉండిపోయాడు.

మధ్యాహ్నం కునుకు తీస్తున్న బృందాన్ని శశిధర్ లేపాడు. ఫోనులో మ్యాపు చూస్తున్నాడు.

"మావయ్యా, లేవండి! ఇంకాసేపట్లో మన పాలకాయతిప్ప ఎదురుగా వస్తాం. పైడెక్ మీంచి కనిపించొచ్చు!"

మాఘ పౌర్ణమికి కృష్ణ సముద్రంలో కలిసేచోట మునగడానికి ఏటా పాలకాయతిప్ప వెళ్ళే మనుషులు. అదే చోటుని సముద్రం వైపు నుంచి చూడడమంటే మాటలా! పిల్లలు మెట్లమీద పరుగెత్తారు. మోకాళ్ళ నొప్పులవాళ్ళందరూ ఒక్కసారిగా లిఫ్టు మీదికి వచ్చారు. శ్యాంబాబు పైన కెమెరాని ఒకసారి చూసి, చెయ్యి అడ్డం పెట్టలేదు. రెండు చేతులూ జోడించాడు.

"అమ్మగారూ, ఈ పిలుపు మీదే కదండీ?"

మాస్కు కిందికి దిగింది. "నాదే. షష్టిపూర్తి మాది."

"అయితే పెద్దరికం మీది. మొదటి బంతిలో ఎవరు కూర్చోవాలో మీరే చెప్పాలండి. బంతికి నలుగురండి. ఇదిగో, నాలుగు పట్టాలు వేశాను."

లక్ష్మీకాంతం గారు లిఫ్టులోకి చూసింది. పట్టాలు చూసింది. వెనక్కి తిరిగి చుట్టాలను చూసింది. అంతే, ఆవిడ గొంతే మారిపోయింది.

"ఏవండీ, మీరు ఎక్కండి. పెద్దవదినా, నువ్వు. బాబాయిగారూ, పిన్నిగారూ, మీరు. మిగతావాళ్ళు రెండో బంతి. ఒరే శశీ, ఆగు! పిలిచినవాళ్ళం మనం, ముందే కూర్చుంటామా?"

శశిధర్ నాలుక కరుచుకుని వెనక్కి జరిగాడు. శ్యాంబాబు వేసిన కుర్చీలో ఆవిడ లిఫ్టు పక్కన కూర్చుంది. బంతి తరవాత బంతి లేచింది. ఒక్కరి మొహం మాడలేదు. నేను తరవాత వెళ్తాలే అంటే, కాదు నువ్వే ముందు అని వెనక్కి జరగడంలోనే పోటీ మొదలైంది. ఆ హడావుడిలో డేనియల్ గారు పైకి వెళ్ళడానికి వచ్చి, నలుగురు ఉన్నారని చూడకుండా లోపలికి కాలు పెట్టబోయారు.

"మీరు తరవాతి బంతి సార్," అన్నాడు శ్యాంబాబు.

డేనియల్ గారు కాలు వెనక్కి తీసుకున్నారు. లిఫ్టు మీది కెమెరా వైపు, కుర్చీలో ఉన్న ఆవిడ వైపు, శ్యాంబాబు వైపు చూశారు. చేతులు కట్టుకుని గోడవారన నిలబడి, వంతు రాగానే ఎక్కి వెళ్ళారు.

చివరి బంతికి లక్ష్మీకాంతం గారు, ఇద్దరు మరదళ్ళు, శశిధర్. నలుగురూ పట్టాల మీద నిలబడ్డారు. నడుమ బోలెడు చోటు.

"నువ్వూ రా అబ్బాయ్," అందావిడ. "నీదీ మనవైపే కదా, నువ్వు చూడొద్దూ? మేం సర్దుకుంటాంలే."

ఆ మాట శ్యాంబాబు తన జన్మలో కొన్ని వేలసార్లు అని ఉంటాడు. అతనితో ఎవరూ అనలేదు. కాలు కాస్త ముందుకి పడింది కూడా. అక్కడే ఆగి, తలుపు బొత్తాం నొక్కాడు. లిఫ్టు వెళ్ళిపోయింది. లిఫ్టు ముందు అతనూ, ఖాళీ కుర్చీ మిగిలారు. వేరే ఎవరో శానిటైజరు కోసం చేతులు చాపుతూ వచ్చారు.

మళ్ళీ తలుపు తెరుచుకునేసరికి లక్ష్మీకాంతం గారి జుట్టంతా గాలికి రేగి ఉంది. కళ్ళలో నీళ్ళు. గాలికో, మరి దేనికో. మాస్కు గడ్డం కిందే ఉండిపోయింది.

"తిప్పా లేదు, గట్టూ లేదు. ఏమీ కనిపించలేదు. అందరూ ఉసూరుమన్నారు. అప్పుడు చూశానబ్బాయ్, నీలంగా ఉన్న నీళ్ళలో ఎర్రటి చార! అచ్చం మన కాలవలోకి కొత్తనీరు వదిలినప్పటి రంగు. కృష్ణమ్మ అంతదూరం వచ్చిందిరా మనకోసం! ఆయన చెయ్యెత్తి దండం పెట్టారు. ఓ పక్క ఇదంతా చూస్తున్నానే గానీ, నువ్వు కిందే ఉండిపోయావని మనసు మనసులో లేదు. నోరారా పిలిచాను కదా. ఒక్క మనిషి ఎక్కితే ఓడ మునిగిపోతుందా? ఆ రోజు ఆటోలో అంతమందిని, కోడిపుంజుతో సహా ఎక్కించినవాడివి, ఇవాళ నువ్వొక్కడివి ఎక్కలేకపోయావా?"

శ్యాంబాబు ఆవిడ చేతుల్లో రెండు చుక్కలు శానిటైజరు పోశాడు.

"ఇక్కడ డ్రైవరు కూడా లెక్కలోకి వస్తాడండీ," అన్నాడు.