వెర్నా వండనంది

మా కాన్సాస్ ఊళ్ళో ఎవరికైనా పెద్ద జబ్బు చేస్తే చర్చి కింది హాల్లో భోజనాలు పెడతాం. తిన్నవాళ్ళు తోచినంత బకెట్లో వేసి పోతారు. ఆ డబ్బు ఆసుపత్రి బిల్లుకి. ఆ భోజనాల్లో వెర్నా ష్రాగ్ చేతి చికెన్ నూడుల్స్ ఉండాల్సిందే. పిండి తనే కలిపి, తనే ఒత్తి, తనే కోస్తుంది. ఆమె వండుతోందంటే పక్క ఊళ్ళవాళ్ళు కూడా దిగుతారు. వండకపోతే సగం కుర్చీలు ఖాళీ.

నా హోటల్లో వంటమనిషి కూడా ఆమే. మాట తక్కువ, కోపం ఎక్కువ. మర్చిపోవడమనేది ఆమె ఒంట్లోనే లేదు.

భర్త మెర్ల్ గుండెపోటుతో పోయాడని అందరూ అంటారు. నేననను. అంతకు ముందు ఏడాది, మా ఊరి ఆసుపత్రి మూతపడకుండా ఇళ్ళ మీద కాస్త పన్ను వేద్దామని ఓటింగు పెడితే, ట్రాక్టర్ల షాపు హోలిస్ బ్రాంట్ గడప గడపకీ తిరిగి దాన్ని ఓడించాడు. ఇళ్ళ ముందు ఎర్ర బోర్డులు పాతే, పన్నులంటే గిట్టని పార్టీకి మా కౌంటీలో పెద్దదిక్కు అతనే. ఆసుపత్రి మూతపడింది. అంబులెన్సు పక్క కౌంటీకి చేరేలోపే మెర్ల్ కన్నుమూశాడు.

అధ్యక్ష ఎన్నికలు వచ్చాక హోలిస్ నోటికి అడ్డూ అదుపూ లేకుండా పోయింది. రోజూ నా హోటల్లోనే ప్రచారం.

"మావాడు పన్నులు తగ్గిస్తానంటున్నాడు. ఎవరి సంపాదన వాళ్ళది, ఎవరి వైద్యం వాళ్ళే కొనుక్కోవాలి. ఆ నీలం బోర్డుల పార్టీ ఆయనేమో ఉన్నవాళ్ళ దగ్గర లాక్కుని అందరికీ బీమా ఇస్తాడట. ఇదెక్కడి న్యాయమయ్యా?"

"మరి కొనుక్కోలేనివాడి మాటేంటి?" అన్నాను.

"ఇరుగూ పొరుగూ లేరూ? చర్చి లేదూ? సాయమనేది మనసులోంచి రావాలి గానీ, సర్కారు మెడ మీద కత్తి పెట్టి రప్పిస్తుందా?"

వంటింట్లో వెర్నా అన్నీ వింటూనే ఉంది.

ప్రీమియం పెరిగిందని హోలిస్ అప్పటికే బీమా వదిలేసుకున్నాడు. సెప్టెంబరులో అతని గుండెకి ఆపరేషన్ అయింది. బతికాడు. బిల్లు కట్టాలంటే షాపు అమ్ముకోవాలి. భోజనాలు పెడదామని పాస్టర్ వచ్చి వెర్నాని అడిగితే, "ఆయన్నే వచ్చి అడగమనండి" అంది.

వచ్చాడు. కుట్లు కదలకుండా రొమ్ముకి దిండు అదుముకుని, పాస్టర్ భుజం పట్టుకుని వచ్చాడు. హోటల్ నిండా జనం.

"శనివారం భోజనాలు, వెర్నా. నువ్వు వండితేనే జనం వస్తారు. షాపు పోతే నాకింకేం మిగల్దు."

"నేను వండను."

"మెర్ల్ సంగతి మనసులో పెట్టుకున్నావా? అది దేవుడి నిర్ణయం."

"కాదు, నీది. మా గడపకీ వచ్చావు. మెర్ల్ నీకు కాఫీ ఇచ్చి కూర్చోబెట్టాడు."

"ఇది పగమ్మా" అన్నాడు పాస్టర్ మెల్లిగా.

"అవును, పగే."

నా కడుపు చల్లబడింది. నలుగురూ ఏమనుకున్నా సరే, ఆ మాట దాచుకోను.

వెర్నా చేతుల పిండి దులుపుకుంది. "అదే పన్నయితే నా దగ్గర ముక్కుపిండి వసూలు చేసేవాళ్ళు, హోలిస్. నీ మీద ఎంత మంట ఉన్నా కట్టి చచ్చేదాన్ని. మనసులోంచి రావాలన్నది నువ్వే కదయ్యా. చూసుకున్నాను. రావట్లేదు."