కెప్టెన్ టియర్నీ కింద పెట్టిన గావా

ఆ ఐరిష్ దొర మళ్ళీ కనిపించగానే రాజేశానికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఎక్కదా మరి!

నిరుడు యుద్ధం రోజుల్లో, రాజేశానికి వీసా ఇచ్చిన కఫీల్ అబూ ఫహద్, సౌదీలో అల్ ఖోబర్‌లోని తన విల్లాను బ్రిటిష్ సైన్యానికి అద్దెకిచ్చాడు. అక్కడ వంటపని రాజేశానిది, తోటపని భోజన్నది. ఇద్దరిదీ కోరుట్ల పక్కే. విల్లాలో దిగిన కెప్టెన్ ఫెర్గస్ టియర్నీ గుర్రాలూ తోటలూ ఉన్న ఇంటి బిడ్డ. తండ్రి తర్వాత తనూ డబ్లిన్‌లో షేర్ల బ్రోకరయ్యాడు. యుద్ధమనగానే ఆ కుర్చీ వదిలి బ్రిటిష్ సైన్యం యూనిఫాం తొడిగాడు. వంటవాణ్ణి సైతం "ప్లీజ్" అనకుండా మంచినీళ్ళు అడిగేవాడు కాడు. మంచివాడే. ఆ మంచితనమే కొంప ముంచింది.

ఓ సాయంత్రం సైరన్ మోగితే దొరా రాజేశమూ మెట్ల కింద నక్కారు. రాజేశం జేబులోంచి కూతురి ఫోటో తీశాడు. తను ఇక్కడికొచ్చాక పుట్టిన పిల్ల, ఒక్కసారైనా ఎత్తుకోలేదు.

"ఇంటికి పోదమంటె పాస్‌పోర్టు కఫీల్ కాడున్నది దొరా. ఇయ్యడు" అన్నాడు, వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో.

మర్నాడే దొర కఫీల్ ఇంటికెళ్ళాడు. యాలకుల వాసన వచ్చే అరబ్బు కాఫీ, అదే గావా, పోసింది రాజేశమే. దొర మర్యాదగా మూడు గిన్నెలు తాగాడు. "యుద్ధం కాగానే ఇస్తాను" అన్నాడు కఫీల్. చేతులు కలిపారు. అంతే, కాగితం ముక్క లేదు! షేర్ల బజారులో పెద్ద పెద్ద బేరాలు నోటిమాట మీదే నడుస్తాయట. ఇక్కడా అంతే అనుకున్నాడు మహానుభావుడు.

యుద్ధం ముగిసింది, దొర వెళ్ళిపోయాడు. "ఏ మాట? ఎవరికిచ్చాను?" అన్నాడు కఫీల్, సిగ్గూ శరమూ లేకుండా.

ఇప్పుడు సైన్యం వదిలేసి, ఏదో కంపెనీ పని మీద వచ్చిన దొర, "ఇంకా ఇక్కడే ఉన్నావా?" అని ఆశ్చర్యపోయాడు.

వచ్చీరాని ఇంగ్లీషులో మొదలుపెట్టిన రాజేశం, కోపం పట్టలేక సొంత భాషలోకి దిగిపోయాడు. "నీ మాట నమ్మి ఆగమైన దొరా! నా బిడ్డ నడ్వబట్టింది. నన్ను ఫోటోల సూస్తున్నది. నువ్వు గావా తాగి సల్లగ పోయినవ్, నేను ఈడనే సస్తున్న!"

మాటలు అర్థం కాకపోయినా సంగతి అర్థమైంది. దొర మొహం కందగడ్డలా ఎర్రబడింది.

శుక్రవారం నమాజు తర్వాత దొర కఫీల్ ఇంటికొచ్చి, పెద్దమనుషుల మధ్య కూర్చున్నాడు. రాజేశం గావా పోశాడు. దొర గిన్నె అందుకుని, పెదవికి తాకించకుండా కింద పెట్టాడు. పెద్దమనుషులంతా ఆ గిన్నె వైపే చూశారు. అతిథి గావా ముట్టకుండా పెట్టేస్తే ఏదో కోరి వచ్చాడని అర్థం, అది తీర్చకపోతే ఆ ఇంటికే తలవంపులు. నిరుడు దొర తిరిగి వెళ్ళేముందు ఒక సౌదీ ఆఫీసరు అతనికి ఈ ఆనవాయితీ చెప్పాడట.

"తాగండి" అన్నాడు కఫీల్.

"ముందు రాజేశం పాస్‌పోర్టు తెండి" అన్నాడు దొర.

కఫీల్ గుడ్లురిమాడు, పెద్దమనుషుల వైపు చూశాడు. చివరికి లోపలికెళ్ళి పాస్‌పోర్టు తెచ్చి పడేశాడు. దేశం దాటి పోనిచ్చే ఎగ్జిట్ కాగితం మీద సంతకం కూడా దొర అక్కడే పెట్టించాడు. అప్పుడు నవ్వి గిన్నె ఎత్తాడు.

రాజేశానికి సంతోషం కలగాలి. ఒళ్ళు ఇంకా మండుతూనే ఉంది. గుమ్మం బయట భోజన్న నీళ్ళ పైపు పట్టుకుని, లోపలికే చూస్తున్నాడు.

"ఆగు దొరా, తాగకు!" అన్నాడు రాజేశం. "భోజన్న పాస్‌పోర్టు ఇంక లోపట్నే ఉన్నది."

దొర గుమ్మం వైపు చూశాడు. గిన్నెను మళ్ళీ కింద పెట్టాడు.