ఎలీసమ్మ తుమ్మితే చెల్లే నోట్లు

అద్దంకిలో నేను గుమాస్తాగా పనిచేసిన ఫైనాన్సు కంపెనీ ఎందుకు మునిగిందని ఇప్పటికీ నన్ను దారిలో ఆపి అడిగేవాళ్లున్నారు. నేను వాళ్లకు ఎలీసమ్మ సంగతి చెబుతాను. అంత మునకలోనూ మునగకుండా పెట్టింది పెట్టినట్టే మిగిలిన డబ్బు ఆవిడది ఒక్కటే. అందులో నా తెలివేమీ లేదు, భయం మాత్రం చాలా ఉంది.

ఎలీసమ్మది అద్దంకి పక్కన పల్లె. మిరప కల్లాల్లో కూర్చుని కాయలకు తొడిమలు తీసే పని. మనిషి పొట్టి, గొంతు పెద్దది. కల్లం ఈ మూల నుంచి ఎవరినైనా పిలిస్తే ఆ మూల కాకులు లేచిపోయేవి. వాళ్ల చర్చిలో స్త్రీల సమాజానికి కోశాధికారి కూడా ఆవిడే. ఆ ఆడవాళ్లకో ఆచారం ఉంది. ఎసరు పెట్టినప్పుడల్లా వండబోయే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి దేవుడి పేరున వేరే కుండలో వేస్తారు. ఆదివారం ఆ బియ్యమంతా చర్చికి చేరుతుంది. దాన్ని అమ్మి, పాస్టరు గారి పోషణకు పోను మిగిలిన చిల్లర ఎలీసమ్మ తన బొడ్డుసంచిలో దాచేది.

ఆ డబ్బు గంట కోసం. వాళ్ల చర్చికి గంట లేదు. చెట్టుకు వేలాడదీసిన రైలుపట్టా ముక్క ఉండేది. సుత్తితో దాన్ని కొడితే ఆరాధనకు జనం వచ్చేవాళ్లు, మెకానిక్ షెడ్డేమోనని రోడ్డు మీద లారీలూ ఆగేవి. పక్క ఊరి చర్చికి మాత్రం అసలైన కంచుగంట ఉంది. అది మోగినప్పుడల్లా ఎలీసమ్మకు ఒళ్లు మండేది.

"నేను పోయేలోగా మన గంట మోగాల. ఆ ఊరోళ్లు ఇనాల" అని ఆడవాళ్లందరి ముందూ మాటిచ్చేసింది. గుంటూరు వెళ్లి గంట కూడా చూసి వచ్చింది. పదమూడు వందల యాభై అన్నారట.

ఎనభై నాలుగు జనవరికి సంచిలో ఎనిమిది వందలు పోగయ్యాయి. సరిగ్గా అప్పుడే మా ఓనరు బాపయ్య గారు కొత్త బోర్డు పెట్టించారు. నూటికి నెలకు రూపాయిన్నర వడ్డీ. ఎలీసమ్మ సంచి తెచ్చి నా బల్ల మీద పెట్టి, "గుమాస్తా గారూ, దేవుడి డబ్బు, జాగర్త" అని రసీదు పుచ్చుకుని వెళ్లిపోయింది. నేను వేలికి ఉమ్మి తడి చేసుకుని నోట్లు లెక్కపెట్టాను. నాలుక భగ్గుమంది. ఏళ్ల తరబడి మిరప కల్లంలో తిరిగిన నోట్లవి. లోటాడు నీళ్లు తాగి, ఆ కట్టను డ్రాయరులో ఓ మూలకు నెట్టేశాను.

నెల తిరిగాక మొదటి సోమవారం ఆవిడ వచ్చింది. పన్నెండు రూపాయల వడ్డీ ఇచ్చాను. తీసుకుని కదల్లేదు.

"మా డబ్బు ఓసారి చూపించండి."

ఇలా అడిగినవాళ్లు అంతకుముందు ఎవరూ లేరు. చేతికందిన నోట్లు ఎనిమిది వందలు సంచిలో పెట్టి చూపించాను. ఆవిడ సంచి మూతి విప్పి ముక్కు దగ్గర పెట్టుకుంది. కాసేపు ఆగింది. ఏమీ జరగలేదు.

"ఇయ్యి మాయి కాదు."

"డబ్బు డబ్బే కదా ఎలీసమ్మా. ఏ నోటైతే ఏం?"

"మాయి వాసన చూస్తే తుమ్మొచ్చుద్ది. వీటికి పౌడరు వాసనొస్తంది. ఎవరికిచ్చావయ్యా మా డబ్బు?"

ఆ 'గారు' కాస్తా 'అయ్యా'లోకి దిగింది. గొంతు వీధిలోకి వెళ్లింది. ఎదురుగా మిరపకాయ బజ్జీలు వేసే పిచ్చమ్మ గరిటె ఆపి ఇటు చూసింది. నేను ఆదరాబాదరాగా మూలనున్న కట్ట తీసి ఇచ్చాను. ఎలీసమ్మ వాసన చూసి రెండు తుమ్ములు తుమ్మింది. "ఆఁ, మాయే" అని మళ్లీ 'గుమాస్తా గారూ' అంది.

ఆ రోజు నుంచి ఆ సంచిని ఇనప్పెట్టె అడుగున స్టాంపు కాగితాల కింద పెట్టాను. ఆవిడ ప్రతి నెలా వస్తుంది, తుమ్ముతుంది, వడ్డీ తీసుకుని వెళుతుంది. రోజూ రొక్కం నిల్వలో ఆ ఎనిమిది వందలు రాస్తూనే ఉన్నాను. బాపయ్య గారు పుస్తకం తెరిచి చూస్తే కదా!

ఇక కంపెనీ మునగడం. చెప్పాలంటే నాకు సిగ్గు, చెప్పకపోతే కథ నడవదు. మొదట్లో మేం గేదెలకూ, పొగాకుకూ, మిరపకూ, కిరాణా కొట్లకూ అన్నిటికీ అప్పులిచ్చేవాళ్లం. ఇంతలో పత్తి ధర ఎక్కింది. ఇంటి ముందు ఖాళీ జాగా ఉన్నవాడు కూడా పత్తి గింజ పాతాడు. బాపయ్య గారికి పూనకం వచ్చింది.

"ఒరేయ్ వెంకయ్యా, ఇక పత్తికి తప్ప దేనికీ ఇవ్వమాకు. గేదె చచ్చిపోద్ది. పత్తి చావదురా!"

జనం డబ్బు ఎప్పుడడిగితే అప్పుడిస్తామని రసీదులు రాసి తీసుకున్నాం. తీసుకెళ్లి పత్తి అమ్మాక ఇస్తామన్నవాళ్ల చేతుల్లో పోశాం. ఎనభై ఏడులో తెల్లదోమ వచ్చింది. రైతులు మందు కొట్టారు. దోమ పెరిగింది. ఇంకా ఖరీదైన మందు కొట్టారు. ఇంకా పెరిగింది. కొట్టేవాడు నీరసించాడు గానీ దోమ మాత్రం పుష్టిగా ఉంది. ఆకులు నల్లబడ్డాయి, కాయలు జిగురు పట్టాయి, అప్పు తీసుకున్నవాళ్లు మా వీధికి రావడం మానేశారు. అప్పటి నుంచి కొత్తగా డబ్బు కట్టేవాళ్ల దగ్గర తీసుకుని పాతవాళ్లకు వడ్డీ ఇచ్చాం. అది తప్పని నాకు తెలుసు. తెలిసీ రసీదులు రాశాను.

ఆ చీడ మాట అలా ఉంచితే, మమ్మల్ని అసలు కూల్చింది గోడ గడియారం. ఎనభై ఎనిమిది ఫిబ్రవరి మొదటి సోమవారానికి ముందు శనివారం అది ఆగిపోతే రిపేరుకు పంపించాను. రిపేరువాడు దాన్ని చంటిపిల్లలా ఎత్తుకుని బజారు గుండా నడిచాడు. బజారు దాటేసరికి బాపయ్య గడియారం అమ్ముకున్నాడన్నారు. బస్టాండు చేరేసరికి ఫ్యానూ, బీరువా కూడా పోయాయి. సాయంత్రానికి బాపయ్య ఒంటికి సున్నం పూసుకుని పిడుగురాళ్ల సున్నం లారీ ఎక్కి పారిపోయాడన్నారు. నిజానికి ఆ సమయానికి ఆయన మంగలి కుర్చీలో ఉన్నారు. కబురు విని సగం గడ్డంతోనే పరుగెత్తుకొచ్చారు. "చూశారా, అప్పుడే వేషం మారుస్తున్నాడు" అన్నారు జనం.

సోమవారం పొద్దున తలుపు తీసేసరికి వీధి నిండిపోయింది. పంతొమ్మిది మందికి చెల్లించేసరికి డ్రాయరు అడుగు కనబడింది. బాపయ్య గారు ఇనప్పెట్టె మీద పడి కాగితాలన్నీ తోడి, అడుగున ఉన్న సంచి లాగారు.

"ఇదేందిరా వెంకయ్యా?" అంటూ మూతి విప్పి తల దూర్చి చూశారు. కిటికీలు అదిరేలా తుమ్మారు.

"అది మాది!" అని జనం వెనక నుంచి కేక.

జనం దారిచ్చారు. ఎలీసమ్మ వచ్చి సంచి లాక్కుని వాసన చూసి తుమ్మింది. లెక్కపెట్టింది. ఎనిమిది వందలూ ఉన్నాయి.

పిచ్చమ్మ గరిటెతోనే వచ్చింది. నాలుగేళ్లుగా రోజూ పొద్దున్నే మొదటి బోణీ ఐదు రూపాయలు మా దగ్గర కట్టిన మనిషి. "ఏమే ఎలీసమ్మా, నీ డబ్బు సంచితో సహా ఉందే! నా డబ్బేదే?" అని ఏడ్చింది.

ఎలీసమ్మ నా వైపు తిరిగింది. నేను ఉన్నదున్నట్టు చెప్పేశాను. మీ డబ్బు నేను ముట్టుకోలేదు, నువ్వు కేకలేస్తావని అలాగే ఉంచాను అన్నాను. సంతోషిస్తుందనుకున్నాను. ఆవిడ ముఖం చిన్నబోయింది.

"నా డబ్బు పెట్టెలో పడుకునుంటే, నెలనెలా నాకిచ్చిన పన్నెండు రూపాయలు ఎవురు సంపాదించారయ్యా?"

నేను నా చెప్పులు చూసుకున్నాను. "ఎక్కువగా పిచ్చమ్మవే. పొద్దున్నే డ్రాయరులో ఆవిడ డబ్బులే ఉండేవి."

ఎలీసమ్మ సంచి బొడ్డున దోపుకుని బయటికి నడిచింది. ఆవిడ అరవకుండా వెళ్లిపోవడం నేను చూడటం అదే మొదలు. నలభై ఎనిమిది నెలల వడ్డీ, ఐదు వందల డెబ్బై ఆరు రూపాయలు, ఖర్చు పెట్టకుండా ఇంట్లో పాలపొడి డబ్బాలో దాచింది. సంచీ, డబ్బా కలిపితే పక్క ఊరిని మించిన గంట. డబ్బా పిచ్చమ్మకు ఇచ్చేస్తే పక్క ఊరికి వినిపిస్తానన్న మాట పోతుంది. ఆ రాత్రి స్త్రీల సమాజంలో పెద్ద పోట్లాటే జరిగిందట.

మర్నాడు వచ్చి బజ్జీల పొయ్యి పక్కన డబ్బా పెట్టింది.

"ఇయ్యి నీ బజ్జీల డబ్బులు పిచ్చమ్మక్కా. తెలవక తీసుకున్నాం. మా గంటలో నీ ఉసురు మోగకూడదు."

పిచ్చమ్మ డబ్బా ఒళ్లో పెట్టుకుని భోరుమంది. నూనెలో బజ్జీల వాయి మాడిపోయింది. నా కళ్లలో కూడా నీళ్లొచ్చాయి, అది మిరపకాయ ఘాటు కాదు. పిచ్చమ్మతో సహా మిగతావాళ్లందరికీ బాపయ్య గారు పొలం అమ్మి రూపాయికి పావలా చొప్పున ఇచ్చి చేతులు దులుపుకున్నారు.

ఎనిమిది వందలకు గంట వచ్చింది. కొబ్బరికాయ కంటే పెద్దది, గుమ్మడికాయ కంటే చిన్నది. మొదటి ఆదివారం ఎలీసమ్మే తాడు లాగింది. ణింగ్ ణింగ్ మంది. పల్లెలో పిల్లలంతా పుల్లైసు బండి వచ్చిందని ఐదు పైసలు పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. కాసేపటికి అసలు పుల్లైసువాడు కూడా వచ్చి, తన వీధిలో ఇంకెవడు అమ్ముతున్నాడని పోట్లాట పెట్టుకున్నాడు. పాస్టరు గారు అందర్నీ లోపల కూర్చోబెట్టారు. చర్చి అంతగా నిండింది ఆ రోజేనట. పక్క ఊరికి మాత్రం గంట వినబడలేదు.

ఉద్యోగం పోయి నేను పిచ్చమ్మ దగ్గర బజ్జీలకు మిరపకాయలు చీరే పనిలో చేరాను. ఓ మొదటి సోమవారం ఎలీసమ్మ వచ్చి నా ముందు ఆ పాత సంచి పెట్టింది.

"ఇరవై రెండు రూపాయలున్నయ్యి. పెద్ద గంటకి. దాచు."

"నా దగ్గరా? ఊరి డబ్బంతా ముంచినోళ్లలో నేనూ ఒకణ్ణి ఎలీసమ్మా."

"నువ్వు నేనంటే భయపడతావు. అది చాలు. వడ్డీ వద్దు. నెలకోసారి చూపించు."

సంచి మూతి విప్పి చూశాను. తుమ్మొచ్చింది.

"ఆఁ, మాదే" అని ఎలీసమ్మ రెండు బజ్జీలు తీసుకుని కల్లానికి వెళ్లిపోయింది.