పెద్ద టీచరుగారికి ఉత్తుత్తి సూదులు

నాకు పందొమ్మిదేళ్ళున్న ఆ రోజుల్లో, రహస్యమంటే ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పే మాట అనుకునేదాన్ని. ఇంట్లో నన్ను రేడియో అని పిలిచేవారు. అలాంటి నాకు అమలాపురంలో ఓ చిన్న ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం దొరికింది. దొరికిన రెండో నెలలోనే దాచిపెట్టమని ఒక రహస్యం కూడా అప్పజెప్పారు.

మా డాక్టరుగారు ఎక్కడికో వెళ్ళి ఆక్యుపంక్చర్ నేర్చుకుని వచ్చారు. పార్శ్వపు తలనొప్పిని ఆ సూదులు నిజంగా తగ్గిస్తాయా, లేక సూది గుచ్చారన్న నమ్మకమే తగ్గిస్తుందా అన్నది తేల్చాలని ఆయన పట్టుదల. అందుకని సగం మందికి సరైన చోట్ల, మిగతా సగానికి ఎందుకూ పనికిరాని చోట్ల పైపైన గుచ్చాలి. రోగులకు మాత్రం "రెండు పద్ధతులు పోల్చి చూస్తున్నామండి" అని చెప్పేవారు. ఎవరికి ఏ సూదులో తేల్చే చీటీ తీసేదీ, గుచ్చేదీ నేను. (తప్పుగా గుచ్చడం నేర్చుకోవడమే ఎక్కువ కష్టమైంది.) నొప్పి ఎలా ఉందో అడిగి రాసుకునేది ఆయన. "ఎవరికి ఏ సూదులో రోగికి చెప్పకు, నాకూ చెప్పకు" అన్నారు. "మరెవరికి చెప్పాలండీ?" అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

అంతా బాగానే సాగేది, రాజోలు వైపు నుంచి రేవు దాటి మా పెద్ద టీచరుగారు రాకపోయి ఉంటే. చిన్నప్పుడు మా బడికి హెడ్మిస్ట్రెస్. అబద్ధమాడితే స్కేలు నిలువుగా తిప్పి కొట్టేవారు. ఆవిడ కోసం నేను తీసిన చీటీలో ఉత్తుత్తి సూదులు పడ్డాయి! వారం వారం ఆవిడ కళ్ళు మూసుకుని మంచం మీద పడుకునేవారు, నేను లోలోపల క్షమాపణలు చెప్పుకుంటూ గుచ్చేదాన్ని. చిత్రమేమిటంటే నొప్పి మాయమైంది. ఆరో వారం ఆవిడ చర్చిలో లేచి నిలబడి సాక్ష్యం కూడా చెప్పేశారు. మర్నాడు నలుగురు ఆడవాళ్ళను వెంటబెట్టుకుని, డబ్బా నిండా కొబ్బరి లౌజుతో వచ్చారు. "ఇంద, తిను. నీ చెయ్యి చల్లని చెయ్యే" అన్నారు.

లౌజు చేతిలోకి తీసుకున్నాను. అంతే, ఏడుపు వచ్చేసింది. "టీచరుగారూ, మీకు గుచ్చినవి నిజం సూదులు కావండి. అంటే, సూదులు నిజమేనండి, చోట్లే అబద్ధమండి!"

ఆవిడ డబ్బా మూత పెట్టేశారు. "ఆరు వారాలూనా?"

"ఆయ్."

"మరి నాకు తగ్గిందే, అదీ అబద్ధమేనా?"

ఆవిడ నా జబ్బ పట్టుకుని తిన్నగా డాక్టరుగారి గదిలోకి నడిచారు. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను.

విషయం విని డాక్టరుగారు తల పట్టుకున్నారు. "అమ్మాయ్, నీకేం చెప్పేను?"

"చెప్పొద్దన్నారండి."

"నువ్వేం చేసేవు?"

"చెప్పేసేనండి."

"దాన్నేమీ అనకండి డాక్టరుగారూ" అన్నారు టీచరుగారు. "నేను కొట్టి నేర్పిన చదువు అది."

ఆయన నవ్వాపుకోలేకపోయారు. టీచరుగారి కాగితం లెక్కలోంచి తీసేసి, ఇక సరైన చోట్లే గుచ్చమన్నారు. గుచ్చాను. పై వారం ఆవిడ తలకు తువ్వాలు బిగించి కట్టుకుని వచ్చారు. "నీ నిజం నాకు పడలేదమ్మా. ఆ అబద్ధం చోట్లే గుచ్చు. అసలు గుచ్చకపోయినా ఫర్వాలేదు, ఆ అరగంటా పడుకోనియ్యి. ఇంట్లో నన్నెవరు పడుకోనిచ్చేరు?"

చివరికి చీటీలన్నీ విప్పి చూస్తే రెండు రకాల సూదులకూ పెద్ద తేడా కనిపించలేదు. డాక్టరుగారు రెండు రోజులు దిగులుగా తిరిగి, మూడోరోజు వార్డులో ఇంకో రెండు మంచాలు వేయించారు.

ఆ తర్వాత చాలా ఏళ్ళు నర్సుగానే పనిచేశాను. ఎన్ని మంచాల పక్కన నిలబడి, ఏమీ తెలియకపోయినా, "తగ్గిపోతుందండీ" అని కళ్ళల్లోకి చూసి చెప్పానో. అప్పుడు లౌజు చేత్తో పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చిన ఆ పిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది. దానికైతే ఆ మాట నోట వచ్చేదే కాదు.